విలేకరి పనిని వ్యాపకం అని రాయించుకోవద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్ల లేఖల కాలమ్‌ల మా పక్క మండలం రైతు ఒకాయన రాసిన ఉత్తరం వేసిన్రు. దసరా వస్తుందంటే చాలు మండల విలేకర్లు రసీదు బుక్కులు పట్టుకొని షాపుల ముంగట, ప్రైవేటు బడుల ముంగట తిరుగుతున్నరు, యాడ్ ఇయ్యకపోతే ఉల్టా వార్తలు రాస్తరని జనం భయపడుతున్నరు, వీళ్ళను అడిగేటోళ్ళు ఎవరూ లేరా అని రాసిండు. ఆ ఉత్తరం మూడు సార్లు చదివిన. ఆయన రాసిన దాంట్ల అబద్ధం లేదు. నేను గూడ అట్ల తిరిగేటోణ్ణే. బెదిరించుడు ఎన్నడూ చెయ్యలే, కానీ పేపరాయన షాపు ముంగట నిలబడి "అన్నా జర చూడు, ఈసారి యాడ్ల టార్గెట్ పెద్దగ ఇచ్చిన్రు" అని నవ్వుకుంట అన్నా గూడ అవతలి మనిషికి అది ఎట్ల వినపడుతదో నాకు తెలుసు. అందుకే జవాబు రాద్దామని కూసున్న. ఈ పని మాకు ఒట్టి వ్యాపకమే అని ప్రతి ఏడాది మాతోనే రాయించుకుంటరు, ఆ ముచ్చట గూడ ఆఖర్ల చెప్త. పొడుగైతది, ఓపిక చేసుకొని చదవండి సార్.

నేను నర్సంపేట దిక్కు ఒక మండలంల విలేకరిని. మీ పేపర్ కాదు, వేరే పేపర్, దాని పేరు చెప్పను. 2004 నుంచి రాస్తున్న. అప్పట్ల తెల్ల కాగితం మీద ఒక దిక్కే రాసి, కవర్ల పెట్టి, సాయంత్రం వరంగల్ పోయే ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికి ఇచ్చేటోణ్ణి, హన్మకొండ బస్టాండ్ల ఆఫీస్ మనిషి వచ్చి తీసుకునేటోడు. బస్సు లేటైతే వార్త లేటు, బస్సు ఆగిపోతే వార్త గూడ ఆగిపోయేది. తర్వాత ఫ్యాక్స్ వచ్చింది, తర్వాత ఇంటర్నెట్ సెంటర్ల 'అను' అనే తెలుగు ఫాంట్‌తోని టైప్ చేసి పంపుడు, ఇప్పుడు ఫోన్లనే అంత. పంపుడు సులువైంది, దానికి తగ్గట్టు పని మాత్రం మూడింతలు పెరిగింది, ఎందుకంటే ఇప్పుడు పేపర్‌కు వేరే, వెబ్‌కు వేరే, ఫొటో వేరే, నిమిషం వీడియో వేరే పంపాలె.

ఆ రైతన్నకు, మీ పేపర్ చదివేటోళ్ళకు మా రోజు ఎట్ల గడుస్తదో తెలిస్తే మంచిదనిపించింది. ఏదో ఒక రోజు కాదు, 2025 ఆగస్టు నెలాఖరుల నేను మర్చిపోలేని ఒక రోజు చెప్త.

పొద్దుగాల నాలుగున్నరకు పేపర్ బండిల్స్ వస్తయి. వ్యాన్ మా బస్టాండ్ కాడ ఆగి ఆగకముందే బండిల్స్ కింద పడేసి పోతది. నేను అక్కడనే లైట్ స్తంభం కింద నిలబడి అన్ని పేపర్ల జిల్లా పేజీలు చూస్త, మా పేపర్ ఆఖరికి, ముందు అవతలి పేపర్లు. ఎందుకంటే ఆరున్నర కొట్టంగనే మా మీద ఉండే ఇన్‌చార్జి ఫోన్ వస్తది, ఫలానా పేపర్ల మీ మండలం నుంచి ఫలానా ఐటెం ఉన్నది, మనకెందుకు మిస్ అయింది అని. మిస్ అయితే ఫోన్ రావుడు తప్పదు. మంచిగ రాసినవ్ అని వచ్చిన ఫోన్లు ఈ 21 ఏండ్లల్ల వేళ్ళ మీద లెక్క పెట్టొచ్చు, అవి ఏ తారీఖున వచ్చినయో గూడ చెప్త. ఆ రోజు అవతలి పేపర్ల బోరు మోటరు దొంగతనం ఉన్నది, నా దగ్గర లేదు. మాట పడ్డ.

ఏడు కాకముందే ఎరువులు అమ్మే సహకార సొసైటీ కాడికి పోయిన. యూరియా లారీ వస్తుందని రాత్రే వాట్సాప్‌ల మెసేజ్ తిరిగింది. ఈ వానకాలం యూరియా కష్టం మీ పేపర్ల గూడ రోజూ రాస్తూనే ఉన్నరు గదా, 45 కిలోల బస్తా, 266 రూపాయల 50 పైసలు, దానికోసం జనం రాత్రి రెండు గంటలకే వచ్చి లైన్ల చెప్పులు పెట్టి అరుగుల మీద పండుకుంటున్నరు. ఒక లారీల 444 బస్తాలు వస్తయి, 20 టన్నుల లెక్క అది. నేను ఆ చివర నుంచి ఈ చివర దాక నడిచి లెక్క పెడితే లైన్ 600 దాటింది. అన్నీ చెప్పులే గాదు, పాస్‌బుక్కు జిరాక్సు మీద రాయి పెట్టినోళ్ళున్నరు, హెల్మెట్ పెట్టినోడున్నడు, ఒకాయన తువ్వాల ముడేసి పెట్టిండు.

ఆ లైన్ల ఒక దగ్గర ఒక్కటే చెప్పు కనపడ్డది. ఎడమ కాలిది, మడమ కాడ అరిగి పల్చగైంది, వారు తెగితే కరెంట్ వైరుతోని కట్టిన్రు, దాని మీద నుంచి ఎర్రదారం చుట్టి ఉన్నది. రెండోది ఏది అని చూస్తుంటే గోడ పక్కన కూసున్న అవ్వ "నాదే బిడ్డా" అన్నది. కుడి చెప్పు కాలికే ఉన్నది. రెండూ లైన్ల పెడితే ఒట్టికాళ్ళతోని ఎట్ల నడవాలె, కింద అంత కంకరనే ఉన్నది, అందుకే ఒకటి పెట్టి ఒకటి తొడుక్కున్న అన్నది. మరి ఈ దారమెందుకవ్వా అంటే, ఎవలన్న నా చెప్పు ఎనుకకు జరిపితే ఎరుకపట్టనీకి అన్నది. ఆమెకు ఎకరం పది గుంటల మక్క చేను ఉన్నది. పాస్‌బుక్కు పోయినేడు సచ్చిపోయిన పెనిమిటి పేరు మీదనే ఉన్నది, విరాసత్, అంటే వారసుల పేరు మీదికి మార్చుడు, ఇంక కాలే. మిషన్ల వేలు పెడితే ఆధార్ కలవది, ఒక్కసారి అట్లనే వట్టి చేతులతోని వాపస్ పోయిందట. "పక్కన రామగుండంలనే యూరియా ఫ్యాక్టరీ ఉన్నదట గదా బిడ్డా, మరి ఇక్కడికి ఎందుకు వస్తలేదు" అని నన్నే అడిగింది. నేను ఆ ముచ్చట రాస్త అవ్వా అన్న. కింద రోడ్డు మీద కూసొని ఆ ఒక్క చెప్పును లైన్‌తోని కలిపి ఫొటో తీసిన. ఇన్నేండ్లల్ల ఎన్ని ఫొటోలు తీసిననో, అది మాత్రం నేను తీసినదాంట్ల మంచి ఫొటో.

సొసైటీ వాళ్ళను అడిగిన, పేరు మార్పు కాని భూములకు ఎట్ల ఇస్తరు అని. వ్యవసాయ శాఖ వాళ్ళు రాసిస్తే ఇస్తం అన్నరు. వ్యవసాయ శాఖకు ఫోన్ చేస్తే తహసీల్దార్ ఆఫీస్ కాయితం కావాలె అన్నరు. రెండు దిక్కుల మాటలు రాసుకున్న, ఎందుకంటే అవ్వ బాధ ఒక్కటే రాస్తే అది ఏడుపు వార్త అయితది, పని ఎక్కడ ఆగిందో రాస్తే చదివినోళ్ళల్ల ఎవరో ఒకరు కదులుతరు. ఇది నాకు ఎవరూ నేర్పలే, రాసి రాసి నేర్చుకున్న.

పదకొండు దాటినంక ఫోన్ వచ్చింది, ఒక తండాల ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజు వెయ్యబోయి రైతు షాక్ కొట్టి సచ్చిపోయిండని. మండల కేంద్రం నుంచి 14 కిలోమీటర్లు. ఇట్లాంటి ఇంటికి పోవుడు ఏండ్లు గడిచినా అలవాటు కాదు సార్. ఏడుస్తున్న ఇంట్ల నిలబడి ఫొటో ఉన్నదా అమ్మా అని అడగాలె, వయసెంత అని అడగాలె, పిల్లలెందరు అని అడగాలె. కొత్తల నాకు నోరు పెగలకపోయేది. ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్న, ముందు పది నిమిషాలు ఏం అడగ, చెప్పులు ఇప్పి బయట కూసుంట, వాళ్ళే వచ్చి చెప్తరు.

అక్కడ వయసు కాడ కొట్లాట అయింది. చుట్టుపక్కలోళ్ళు అరవై ఉంటయి అన్నరు, తమ్ముడు అరవై రెండు అన్నడు. భార్య కొంగుముడి ఇప్పి ఆధార్ కార్డు తీసి నా చేతుల పెట్టింది. దాని లెక్కన 57. రైతు బీమా 18 నుంచి 59 ఏండ్ల వాళ్ళకే, 5 లక్షలు, 2018 నుంచి నడుస్తున్న పథకం, ఆధార్‌ల ఉన్న వయసే చూస్తరు. పేపర్ల వచ్చిన వయసు చూసి బీమా ఇయ్యరు, ఆపరు, అది నాకు తెలుసు. కానీ పేపర్ల 62 అని వస్తే ఆ ఇంట్ల ఎంత గాబరా అయితది, ఎవడో ఒకడు వచ్చి "మీకు రాదట" అని చెప్తే మధ్యల పైరవీకారులు తయారైతరు, అట్ల ఒక కుటుంబం 20 వేలు ఎవనికో పెట్టుకున్నది నేను కండ్ల చూసిన. అందుకే 57 అని రాసుకొని, పుట్టిన తారీఖుతోని మళ్ళ ఒకసారి లెక్క కట్టుకున్న. కొడుకు డిగ్రీ చదువుతున్నడు, బయటికొచ్చి నా బండి కాడ నిలబడి "సారూ, పేపర్ల మీరు వేస్తేనే కరెంటోళ్ళు పైసలు ఇస్తరా" అని అడిగిండు. వెయ్యకపోయినా ఇయ్యాలె బిడ్డా, ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు పారేసుకోకుండ దాచుకో అని చెప్పిన. నర్సంపేట దవాఖాన దాక వాళ్ళతోనే పోయిన.

ఇదంత నడుస్తుండంగ ఇంకో దిక్కు ఫోన్ మోగుతనే ఉన్నది. ఒక పార్టీ మండల నాయకుని పుట్టినరోజు యాడ్ నా ద్వారానే బుక్ అయింది, నాలుగు గంటల లోపు మెటీరియల్ పంపాలెనని యాడ్స్ విభాగం వాళ్ళు ఆరు సార్లు చేసిన్రు. ఆ యాడ్‌ల నాయకుని ఫొటో చుట్టూ అనుచరులయి 11 ఫొటోలు. ఎవరిది మీద, ఎవరిది కింద, ఎవరి పక్కన ఎవరు, ఇదంత నేనే మాట్లాడి తెంపాలె. సావు కాడ నిలబడి ఒక చెవిల ఆ ఏడుపు, ఇంకో చెవిల "నా ఫొటో రెండో లైన్ల ఎట్ల వేస్తవ్ అన్నా" అనే పంచాయితీ. దవాఖాన గేటు కాడ చెట్టు కింద కూసొని రెండు గంటలు ఆ ఫొటోల వరుసనే సరి చేసిన.

ఐదింటికి ఇల్లు చేరిన. చెప్పుల లైన్ వార్త 42 లైన్లు వచ్చింది, ఫొటోతోని. షాక్ కొట్టిన వార్త 18 లైన్లు. ఎంపీడీఓ ఆఫీస్ ప్రెస్ నోటు, బడిల కార్యక్రమం, ఇంక రెండు చిన్నయి. ఏడింటికల్ల అన్నీ పంపి, పేజీలు పెట్టే డెస్కుకు ఫోన్ చేసి, ఆ చెప్పు ఫొటో జర చూడు తమ్మీ అని చెప్పిన. మంచిగున్నదన్నా అన్నడు ఆ పిల్లగాడు. అన్నం తిన్న. తొమ్మిదిన్నరకు రోడ్డు మీద ట్రాక్టర్ బోల్తా పడ్డదని ఫోన్ వస్తే మళ్ళ పోయిన, దేవుని దయ, ఎవరికీ ఏం కాలే.

పదకొండు దాటినంక పేజీ పీడీఎఫ్ వచ్చింది. చెప్పుల వార్త ఐదు లైన్లు ఉన్నది, సంక్షిప్త వార్తల కింద. ఫొటో లేదు. అవ్వ లేదు, విరాసత్ ముచ్చట లేదు. ఆ జాగల క్వార్టర్ పేజీ యాడ్, నడుమ నాయకుడు, చుట్టూ 11 ఫొటోలు, నేను సరి చేసిన వరుసలనే. నేను తెచ్చిన యాడే నేను రాసిన వార్తను ఎత్తేసింది సార్. డెస్కు పిల్లగాణ్ణి నేను తప్పు పట్టను, రాత్రికి రెండు మూడు పేజీలు వాడొక్కడే పెడుతున్నడు, యాడ్ వచ్చినంక జాగ లేకపోతే వాడు మాత్రం ఏం చేస్తడు. ఆ రాత్రి నిద్ర పట్టలే.

మూడు రోజుల తర్వాత సొసైటీ కాడ ఆ అవ్వ మళ్ళ కనపడ్డది. అదే గోడ పక్కన. "నా చెప్పు ఫొటో వచ్చిందా బిడ్డా, మా మనవడు పేపర్ తెచ్చి ఎతికిండు, కనపడలే" అన్నది. నాకు నోట మాట రాలే. వస్తది అవ్వా అని అబద్ధం చెప్పి వచ్చిన.

ఇంక పైసల సంగతి. మాకు జీతం ఉండది, లైన్ అకౌంట్ అంటరు, పేపర్ల ఎన్ని లైన్లు పడితే దానికి లెక్క కట్టి ఇస్తరు. 42 లైన్లు రాసి ఐదు లైన్లు పడితే ఐదుకే పైసలు. ఆ నెల నాకు వచ్చింది 2,140 రూపాయలు. అప్పుడు లీటర్ పెట్రోలు 107 రూపాయల కాడ ఉండె, ఆ ఒక్క రోజే నేను 90 కిలోమీటర్ల దాక తిరిగిన. ఇల్లు ఎట్ల నడుస్తుందంటే, తహసీల్దార్ ఆఫీస్ ఎదురుంగ మా ఇంటామె జిరాక్స్ షాపు నడుపుతది, అదే మాకు తిండి. యాడ్ల మీద కమీషన్ ఇస్తరు, నిజమే, కానీ అది చేతికి రావాలంటే ముందు యాడ్ పైసలు పూర్తిగ కట్టాలె. ఇచ్చినాయన పైసలు ఇయ్యకపోతే అది నా పేరు మీద బాకీ ఉంటది. మా దగ్గర యాడ్లు ఎక్కువగ ఇచ్చేది సర్పంచులే. వాళ్ళ పదవీకాలం అయిపోయి 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేక అధికారుల పాలన నడిచింది, ఆ తర్వాత ఎంపీటీసీలు, జడ్పీటీసీలది గూడ అయిపోయింది. మాజీ సర్పంచులే చేసిన పనుల బిల్లులు రాక తిప్పలు పడ్డరు, వాళ్ళను నేను పాత యాడ్ పైసలు ఎట్ల అడగాలె? నలుగురు సర్పంచుల బాకీ నేనే మూడు రూపాయల మిత్తికి తెచ్చి కట్టిన. 2025 దసరా ముంగట గూడ సర్పంచులు లేరు, ఎలక్షన్లు కాలే, టార్గెట్ మాత్రం తగ్గలే. ఆ ఏడాది దసరా గాంధీ జయంతి రోజే, అక్టోబర్ 2న వచ్చింది, రెండు కలిపి అడుగు అని చెప్పిన్రు, మండలానికి 50 వేలు.

ఇంక సర్పంచులు లేకపోతే ఎవరిని అడుగుతం? బడులోళ్ళను, రైస్ మిల్లులోళ్ళను, ఎరువుల దుకాణాలోళ్ళను. ఆ రైతన్న ఉత్తరంల రాసింది ఇదే. ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలె. మా మండలంల ఒక ఎరువుల దుకాణం ఉన్నది, ఆ షాపుల యూరియా బస్తా కావాలంటే పక్కన ఇంకో మందు డబ్బా కొనాలె, లింకు పెట్టి అమ్ముతున్నరు. ఆరుగురు రైతులు బిల్లులు తెచ్చి నాకు చూపించిన్రు. నేను రాయలే. ఆయన దగ్గర నాకు ఆగస్టు 15 యాడ్ పైసలు రావాలె, వార్త రాస్తే ఆ పైసలు మునుగుతయి, మునిగితే మళ్ళ మిత్తికి తేవాలె. ఆ ఆరుగురు నన్ను నమ్మి వచ్చినోళ్ళు. ఇది నాకు నేను చెప్పుకోవడానికి గూడ నామోషీగ ఉన్నది, అయినా రాస్తున్న, ఎందుకంటే యాడ్, వార్త ఒకే మనిషి చేతుల పెడితే ఏమైతదో ఇంతకన్న బాగ చెప్పడం నాకు రాదు.

ఈ పని మానేయొచ్చు గదా అని అంటరు. మా ఇంటామె గూడ అంటది. మా తెలుగు సారు తొమ్మిదో తరగతిల చెప్పిండు, మన పాత వరంగల్ జిల్లా ఇనుగుర్తిల ఒద్దిరాజు సోదరులు 1922లనే తెనుగు పత్రిక పెట్టిన్రు అని, నిజాం కాలంల, తెలుగు మాటకే విలువ లేని రోజుల్ల, ఒక పల్లెటూరి నుంచి పేపర్ తీసిన్రు అని. ఆ ముచ్చట నా తలకాయల అట్లనే కూసున్నది. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది, మోరంచ వాగు మీద పడి మోరంచపల్లి మునిగింది, జనం ఇండ్ల మీదికెక్కి, చెట్లెక్కి పానం కాపాడుకున్నరు. అట్లాంటి రాత్రి కరెంటు లేక, సిగ్నల్ లేక, ఏ ఊరు నీళ్ళల్ల ఉన్నది, ఏ రోడ్డు తెగింది అని తెలుసుకొని పంపేది ఎవరు సార్? హైదరాబాద్ నుంచి వచ్చేటోళ్ళు తెల్లారినంక వస్తరు. ఆ రెండు రోజులు మా దగ్గర గూడ పాకాల చెరువు మత్తడి దుంకుతుంటే, వాగులు పొంగి ఊర్లకు దారులు బందైతే, నేను ఇంటికి పోలే. ఎవరూ ఆ ఊర్లకు పొమ్మనలే, నేనే పోయిన.

ఇప్పుడు అసలు సంగతికి వస్త. ప్రతి ఏడాది ఏప్రిల్‌ల మాకు ఒక ఫారం పంపుతరు, వంద రూపాయల బాండ్ పేపర్ మీద. దాంట్ల ఉంటది, నాకు వేరే జీవనాధారం ఉన్నది, వార్తలు పంపుడు నా వ్యాపకం మాత్రమే, ఈ సంస్థతోని నాకు ఉద్యోగ సంబంధం ఏం లేదు అని. కింద "ప్రధాన వృత్తి" అని గీత ఉంటది. దాని మీద నేను జిరాక్స్ షాపు అని రాస్త. షాపు నడిపేది మా ఇంటామె, లైసెన్సు ఆమె పేరు మీదనే ఉన్నది, నేను ఆ షాపుల గంట సేపు గూడ కూసున్న దినం లేదు. అయినా అదే రాసి సంతకం పెట్టి పంపుత. పెట్టకపోతే ఐడీ కార్డు రాదు.

మొదట్ల అది ఏదో ఆఫీస్ కాగితం అనుకున్న. యూనియన్ వాళ్ళు హన్మకొండల ఒకసారి క్లాస్ పెడితే అప్పుడు తెలిసింది. వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955ల వచ్చింది. దాని ప్రకారం పేపర్ల పనికి పెట్టుకున్నోళ్ళల్ల జర్నలిజం ఎవరికి ప్రధాన వృత్తో వాళ్ళు, ఫుల్ టైమ్ అయినా పార్ట్ టైమ్ అయినా, వర్కింగ్ జర్నలిస్టే. పేపర్లల్ల పనిచేసేటోళ్ళ జీతాలు తేల్చనీకి పెట్టిన మజీఠియా వేజ్ బోర్డు చెప్పిన జీతాలను 2011 నవంబర్‌ల కేంద్రం నోటిఫై చేసింది, 2014 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు గూడ సరేనన్నది. అంటే ఎక్కువగ ఆ ఒక్క మాట మీదనే ఆగి ఉన్నది, ప్రధాన వృత్తి అన్న మాట మీద. దాన్ని మాతోనే, మా చేతి రాతతోనే కొట్టేయిస్తున్నరు. నాలుగున్నరకు లేచి రాత్రి పదకొండు దాక తిరిగింది వ్యాపకమా సార్? వ్యాపకం అంటే మా బావ పావురాలు పెంచుతడు, అది వ్యాపకం. ఆయనకు బుద్ధి పుట్టినప్పుడు చూసుకుంటడు, లేకపోతే లేదు. పావురాలు మిస్ అయినయని ఆయనకు ఆరున్నరకు ఎవరూ ఫోన్ చెయ్యరు.

మీ దగ్గర గూడ ఇదే ఫారం ఉన్నదా అన్నది మీకు తెలుసు, నేను ఆ మాట అడగను. నేను అడిగేది అన్ని పేపర్ల ఎడిటర్లను. ఆ ఫారంల నుంచి వ్యాపకం అన్న మాట తీసేయండి. యాడ్ల కోసం వేరే మనుషులను పెట్టండి, కమీషన్ వాళ్ళకే పూర్తిగ ఇయ్యండి, మాకొద్దు. మాకు పడ్డ లైన్ల లెక్క గాకుండ నెలకు ఇంత అని ఒకటి కట్టండి, పెట్రోలుకు వేరే ఇయ్యండి. ఇది చేతగాని ఖర్చు అని నేననుకోను, మండలానికి ఒక్క మనిషే గదా ఉండేది. జనం పేపర్ కొనేదే జిల్లా పేజీల కోసం, మా ఊరి పేరు, మా బజారు ముచ్చట వచ్చిందా అని చూస్తరు, దాని కోసమే గదా జిల్లా పేజీలు పెట్టింది. ఆ పేజీ నింపే మనిషిని మా మనిషి కాదు అని బాండ్ పేపర్ మీద రాయించుకుంటున్నరు.

ఆ ఉత్తరం రాసిన రైతన్నకు ఒక్క మాట. అన్నా, నువ్వు రాసింది నాకు కోపం తెప్పియ్యలే. రసీదు బుక్కు ఇప్పుడు గూడ నా బ్యాగ్‌లనే ఉన్నది, ఇంక ఒక్క రసీదు గూడ చింపలే, ఎంగిలిపూల బతుకమ్మ లోపు ఎంతైందో లెక్క చెప్పమన్నరు. నువ్వు పక్క మండలమే గదా, యూరియా లైన్ల ఎప్పుడన్న మనిద్దరం ఎదురుపడే ఉంటం.

ఎడిటర్ గారూ, ఆ ఎరువుల దుకాణం లింకు సంగతి నేను రాయలేకపోయిన. ఆరుగురు రైతుల బిల్లుల ఫొటోలు ఈ ఉత్తరంతోని పంపుతున్న, వాళ్ళను అడిగే పంపుతున్న. మీ విలేకరికి ఆ దుకాణంల యాడ్ బాకీ లేకపోతే ఆయనతోని రాయించండి. ఎర్రదారం కట్టిన ఒక్క చెప్పు ఫొటో గూడ పెట్టిన, జాగ ఉంటే ఎక్కడో ఒక దగ్గర వెయ్యండి, ఏ సైజుల వేసినా సరే, పేరు అక్కర్లేదు. వేస్తే ఆ పేపర్ తీసుకపోయి అవ్వకు ఇస్త. నా పేరు, ఊరు, ఫోన్ నంబర్ వేరే కాయితం మీద రాసి కవర్ల పెట్టిన, అవి మీ దగ్గరనే ఉంచుకోండి, అచ్చు వెయ్యొద్దు.

– ఒక మండల విలేకరి, వరంగల్ జిల్లా